బ్లేజార్ ప్రజ్వలించినప్పుడు అంతరిక్ష టెలిస్కోపులు ఏం చూస్తాయి: 3సి 279 చెప్పే సంగతులు

2015 జూన్ 14న కన్యారాశిలో, చిత్త నక్షత్రానికి సుమారు తొమ్మిది డిగ్రీల దూరంలో ఉన్న ఒక చుక్క నుంచి వచ్చే గామా కిరణాలు పెరగడం మొదలైంది. రెండు రోజులు తిరిగేసరికి ఆ చుక్క, గామా కిరణాల ఆకాశంలో మామూలుగా అన్నింటికంటే ఎక్కువగా వెలిగే వేలా పల్సార్‌ను (వేగంగా తిరిగే ఒక మృత నక్షత్రాన్ని) కూడా దాటిపోయింది. జూన్ 18 కల్లా అంతా సద్దుమణిగింది. ఆ చుక్క పేరు 3సి 279. 1959లో వెలువడిన మూడవ కేంబ్రిడ్జి రేడియో జాబితాలో 279వ పద్దు కాబట్టి ఆ పేరు వచ్చింది. అది మనకు ఎంత దూరమంటే, ఆ రోజు గామా కిరణాలను చూసే ఫెర్మీ ఉపగ్రహానికి చేరిన కిరణాలు బయలుదేరి దాదాపు 500 కోట్ల సంవత్సరాలు అయింది. అప్పటికి భూమి ఇంకా ఏర్పడలేదు.

ఇలాంటి వార్తలు ఏడాదికి కొన్నిసార్లైనా వస్తూనే ఉంటాయి. ‘సుదూర గెలాక్సీలో మహా విస్ఫోటం’, ‘కాంతిని మించిన వేగం’, ‘కోట్ల కోట్ల సూర్యులకు సమానమైన వెలుగు’ అనే శీర్షికలు వాటికి తోడవుతాయి. మొదటి మాట దాదాపు తప్పు, రెండోది చూపు కలిగించే భ్రమ, మూడోది ఒక షరతు మీద మాత్రమే నిజం. అసలు సంగతి వేరొకటి ఉంది. ఈ వస్తువుల్లో వెలుగు పెరిగే చోటును ఏ టెలిస్కోపూ విడదీసి చూడలేదు కనుక, లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే రేడియో నుంచి గామా దాకా అన్ని కాంతులనూ ఒకే సమయంలో పట్టుకుని, ఏది ముందు పెరిగింది, ఏది ఎంత త్వరగా తగ్గింది అని పోల్చడమొక్కటే మార్గం. ఇక్కడ చిత్రం చేయవలసిన పని గడియారం చేస్తుంది.

బ్లేజార్ అంటే నేరుగా మనవైపు తిరిగిన జెట్

పెద్ద గెలాక్సీల నడుమ లక్షల నుంచి వందల కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలాలు ఉంటాయి. చాలావాటికి తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, మన పాలపుంత మధ్యలో ఉన్నదానిలాగే అవి నిశ్శబ్దంగా ఉంటాయి. కొన్నింటి చుట్టూ మాత్రం వాయువు పళ్లెంలా పరుచుకుని, సుళ్లు తిరుగుతూ, రాపిడికి వేడెక్కి, లోపలికి జారుతూ ఉంటుంది. దీనినే అక్రీషన్ డిస్క్ అంటారు. అటువంటి కొన్ని కృష్ణబిలాల దగ్గర, డిస్క్‌కు లంబంగా రెండు వైపులా, అయస్కాంత క్షేత్రాలతో బిగిసిన ప్లాస్మా (విద్యుదావేశం పొందిన వాయువు) ధారలు కాంతివేగానికి అతి చేరువైన వేగంతో బయటికి దూసుకుపోతాయి. వాటిని జెట్లు అంటారు.

ఆ రెండింటిలో ఒకటి నేరుగా మన వైపు తిరిగి ఉంటే, ఆ గెలాక్సీని బ్లేజార్ అంటాం. పక్కనుంచి చూసేవారికి అదే వస్తువు మామూలు రేడియో గెలాక్సీగా కనిపిస్తుంది. అంటే బ్లేజార్ అన్నది వేరే జాతి కాదు, మనం నిలబడిన చోటును బట్టి వచ్చిన పేరు. బ్లేజార్లలోనూ రెండు తెగలున్నాయి. డిస్క్ చుట్టూ వేగంగా తిరిగే వాయు మేఘాల వెలుగు వర్ణపటంలో స్పష్టంగా కనిపించేవి ఒక తెగ, 3సి 279 ఇందులోనిదే. ఆ వెలుగు దాదాపు కనిపించనివి బీఎల్ ల్యాక్ తెగ. ఈ మేఘాల సంగతి ముందుముందు కీలకమవుతుంది.

కాబట్టి ‘విస్ఫోటం’ అనడం సరికాదు. అక్కడ ఏదీ పేలి ముగిసిపోలేదు. ఎప్పుడూ ప్రవహించే జెట్‌లో ఏదో ఒకచోట శక్తి హఠాత్తుగా కణాలకు బదిలీ అయి, వెలుగు పదుల రెట్లు పెరిగి, మళ్లీ తగ్గింది. దీనినే ఖగోళ శాస్త్రజ్ఞులు ఫ్లేర్ అంటారు, తెలుగులో ప్రజ్వలనం అనుకోవచ్చు. 3సి 279 గత మూడు దశాబ్దాలలో ఎన్నోసార్లు ఇలా ప్రజ్వలించింది. 1991లో కాంప్టన్ గామా కిరణ వేధశాల ఆకాశానికెక్కిన కొద్ది వారాలకే, ఆ జూన్‌లో, దాని మీదున్న ఎగ్రెట్ పరికరం దీని గామా కాంతిని పట్టుకుంది. బ్లేజార్లు గామా కిరణాలను ఇంత విపరీతంగా వెదజల్లగలవని తెలిసిందే అప్పుడు.

కాంతిని మించిన వేగం, కోట్ల కోట్ల సూర్యులు: రెండు లెక్కలు

1970ల తొలినాళ్లలో ఖండాంతరాలలోని రేడియో టెలిస్కోపులను జతచేసి 3సి 279ను పరిశీలించినప్పుడు, దానిలోని భాగాలు కాంతి కంటే అనేక రెట్ల వేగంతో విడిపోతున్నట్లు కనిపించింది. దీనికి భౌతికశాస్త్రాన్ని తిరగరాయనక్కరలేదు, కూడికలు తీసివేతలు చాలు.

ఒక ప్లాస్మా ముద్ద కాంతివేగంలో 99 శాతం వేగంతో, మన చూపు రేఖకు 8 డిగ్రీల వాలుగా కదులుతోందనుకుందాం. వంద సంవత్సరాలలో అది 99 కాంతి సంవత్సరాల దూరం వెళుతుంది. అందులో మనవైపు వచ్చింది 98 కాంతి సంవత్సరాలు, పక్కకు జరిగింది 13.8 కాంతి సంవత్సరాలు. మొదట్లో అది వదిలిన కాంతి వందేళ్లలో 100 కాంతి సంవత్సరాలు ప్రయాణించి ఉంటుంది, ముద్ద దాని వెనకాలే 98 దాకా వచ్చేసింది. కనుక చివర్లో వదిలిన కాంతి మొదటిదానికి దాదాపు రెండేళ్లే వెనకబడి ఉంటుంది. మనకేమో ఆ ముద్ద రెండేళ్లలో 13.8 కాంతి సంవత్సరాలు పక్కకు జరిగినట్లు, అంటే కాంతికి ఏడు రెట్ల వేగంతో కదిలినట్లు కనిపిస్తుంది. నిజానికి ఏదీ కాంతిని దాటలేదు. జెట్ తన కాంతి వెంటే పరుగెత్తడం వల్ల వందేళ్ల కథ మనకు రెండేళ్లకు కుదించుకుపోయి చేరింది. ఈ కుదింపును మనసులో ఉంచుకోవాలి, ప్రజ్వలనాల వేగాన్ని అర్థం చేసుకోవడానికి తాళంచెవి ఇదే.

వెలుగు విషయానికి వస్తే, 2015 జూన్ 16న గరిష్ఠ స్థాయిలో 3సి 279 గామా కాంతి అన్ని దిక్కులకూ సమానంగా వెళుతోందని ఊహిస్తే, దాని శక్తి 10⁴² వాట్ల స్థాయికి చేరుతుంది. సూర్యుడి శక్తి 3.8×10²⁶ వాట్లు కనుక, అది సుమారు 26 కోట్ల కోట్ల సూర్యులతో సమానం. అయితే ఆ ఊహే తప్పు. మూలం కాంతివేగానికి చేరువగా వస్తున్నప్పుడు అది వదిలే కాంతి ముందువైపు సన్నని శంకువులోకి పోగుపడుతుంది. జెట్ లోరెంట్జ్ గుణకం (వేగం కాంతివేగానికి ఎంత చేరువైతే అంత పెరిగే అంకె) 20 అనుకుంటే, అంటే కాంతివేగానికి 99.87 శాతం వేగమైతే, ఆ శంకువు అర్ధకోణం మూడు డిగ్రీల లోపే ఉంటుంది, మొత్తం ఆకాశంలో అది 1,600వ వంతు. 26 కోట్ల కోట్లను 1,600తో భాగిస్తే సుమారు 1.6 లక్షల కోట్ల సూర్యులు వస్తాయి. పాలపుంతలోని నక్షత్రాలన్నింటి వెలుగూ కలిపినా కొన్ని వేల కోట్ల సూర్యులకు మించదు కనుక, ఇదీ తక్కువేమీ కాదు. కానీ శీర్షికలోని అంకెకూ దీనికీ మధ్య వెయ్యిన్నర రెట్ల తేడా ఉంది.

ఒకే జెట్ నుంచి రెండు రకాల వెలుగు

బ్లేజార్ ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత శక్తిని పంపుతోందో గీత గీస్తే రెండు గుట్టలు వస్తాయి. మొదటిది రేడియో నుంచి పరారుణం, దృశ్యకాంతి, అతినీలలోహితం దాకా. దీని పుట్టుక మీద పేచీ లేదు: కాంతివేగానికి చేరువైన ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ వదిలే సింక్రోట్రాన్ కాంతి అది. ఆ కాంతి ధ్రువణం చెందడమే, అంటే దాని కంపనాలు ఒక దిక్కుకు మొగ్గు చూపడమే ఇందుకు సాక్ష్యం. రెండో గుట్ట ఎక్స్ కిరణాల నుంచి గామా కిరణాల దాకా విస్తరిస్తుంది. వివాదమంతా దీని చుట్టూనే.

ఎక్కువమంది అంగీకరించే వివరణ విలోమ కాంప్టన్ పరిక్షేపణం. వేగవంతమైన ఎలక్ట్రాన్ తనకు ఎదురైన తక్కువ శక్తి ఫోటాన్‌ను (కాంతి కణాన్ని) ఢీకొట్టి, దానికి తన శక్తిలో కొంత ఇచ్చి, గామా కిరణంగా మార్చేస్తుంది. ఎంత మారుస్తుందో చూద్దాం. డిస్క్ చుట్టూ ఉన్న మేఘాల నుంచి వచ్చే అతినీలలోహిత ఫోటాన్ శక్తి 10 ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే ప్రమాణం ఇది). లోరెంట్జ్ గుణకం 20 ఉన్న జెట్‌లో కూర్చుని చూస్తే అది ఎదురుగా దూసుకొస్తుంది కనుక 200 ఎలక్ట్రాన్ వోల్టులుగా కనిపిస్తుంది. జెట్‌లోని ఎలక్ట్రాన్‌కు సొంత లోరెంట్జ్ గుణకం 1,000 ఉంటే, ఢీకొన్న తరువాత ఫోటాన్ శక్తి ఆ గుణకపు వర్గమంత, అంటే పది లక్షల రెట్లు పెరిగి 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులవుతుంది. జెట్ మనవైపు వస్తోంది కాబట్టి మరో 20 రెట్లు: 400 కోట్లు. విశ్వవ్యాకోచం వల్ల దారిలో కొంత తరుగుతుంది. 3సి 279 రెడ్‌షిఫ్ట్ (ఆ వ్యాకోచం కాంతి తరంగాలను ఎంత సాగదీసిందో చెప్పే అంకె) 0.536 కనుక 1.536తో భాగిస్తే 260 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు మిగులుతాయి. సరిగ్గా ఫెర్మీ బాగా చూడగలిగే శక్తి ఇదే.

ఆ తక్కువ శక్తి ఫోటాన్లు జెట్‌లోనే పుట్టినవి కావచ్చు, బయటి మేఘాల నుంచో, ఇంకా దూరంగా ఉన్న ధూళి వలయం నుంచో వచ్చినవి కావచ్చు. ఎక్కడివన్నది తేలితే ప్రజ్వలనం ఎక్కడ జరిగిందో తేలుతుంది. రెండు గుట్టల ఎత్తుల నిష్పత్తి ఇక్కడ ఆధారమవుతుంది. 2015 జూన్‌లో గామా గుట్ట మొదటిదానికి దాదాపు వంద రెట్ల ఎత్తుకు లేచింది. జెట్ తన సొంత ఫోటాన్లతోనే ఈ పని చేసుకుని ఉంటే ఇంత వ్యత్యాసం రావడం కష్టం. దృశ్యకాంతి టెలిస్కోపును మాత్రమే నమ్ముకున్నవారికి ఆ ప్రజ్వలనంలో నూటికి తొంభై తొమ్మిది వంతుల శక్తి కనిపించకుండానే పోయేది.

ఏ ఉపగ్రహం ఏ కాంతిని పట్టుకుంటుంది

గామా, ఎక్స్ కిరణాలను వాతావరణం అడ్డుకుంటుంది కనుక వాటి కోసం అంతరిక్షానికి వెళ్లక తప్పదు. 2008 జూన్‌లో ఎగిరిన ఫెర్మీ ఏ క్షణంలోనైనా ఆకాశంలో ఐదో వంతును చూస్తూ, మూడు గంటలకోసారి మొత్తం ఆకాశాన్ని చుట్టివస్తుంది. అలారం మోగించే పని సాధారణంగా దానిదే. 2004 నాటి స్విఫ్ట్ త్వరగా మెడ తిప్పి ఎక్స్, అతినీలలోహిత, దృశ్యకాంతులను ఒకేసారి కొలుస్తుంది. 2012లో వెళ్లిన నూస్టార్ గట్టి, అంటే ఎక్కువ శక్తి ఉన్న ఎక్స్ కిరణాలను చూస్తుంది. ఇటలీ వారి అజైల్ 2015 ప్రజ్వలనాన్ని ఫెర్మీతో పాటు గామా కాంతిలో చూసింది. ఆ ఉపగ్రహం 2007 ఏప్రిల్ 23న మన శ్రీహరికోట నుంచే పీఎస్ఎల్‌వీ మీద ఎగిరిందన్న సంగతి తెలుగునాట కూడా చాలామందికి గుర్తుండదు. 2015 సెప్టెంబరు 28న అక్కడి నుంచే వెళ్లిన ఆస్ట్రోశాట్ అతినీలలోహితం నుంచి గట్టి ఎక్స్ కిరణాల దాకా ఒకే వేదిక మీద నుంచి చూడగలదు. 3సి 279 ప్రజ్వలనాన్ని అది మూడు నెలల తేడాతో తప్పిపోయింది.

అత్యధిక శక్తి గామా కిరణాలకు మాత్రం ఉపగ్రహం చాలదు. అవి వాతావరణంలో పుట్టించే నీలి మెరుపులను నేల మీది పెద్ద అద్దాలతో పట్టుకోవాలి. నమీబియాలోని హెస్, కానరీ దీవుల్లోని మ్యాజిక్ అటువంటివి. లద్దాఖ్‌లోని హాన్లేలో 21 మీటర్ల అద్దంతో నిలిచిన మేస్ కూడా ఈ కోవలోదే, దాన్ని భాభా అణు పరిశోధన కేంద్రం హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తోడ్పాటుతో నిర్మించింది.

వేగంగా మారే వెలుగును కొలవడంలో అసలు ఇబ్బంది ఫోటాన్ల కరువు. ఫెర్మీ ప్రధాన పరికరం గామా కిరణాలను పట్టే వైశాల్యం ఉజ్జాయింపుగా అర చదరపు మీటరు అనుకుందాం. 3సి 279 మామూలు రోజుల్లో చదరపు సెంటీమీటరుకు సెకనుకు 5×10⁻⁷ ఫోటాన్లు పంపిస్తే, ఐదు నిమిషాల్లో ఒక్క ఫోటాన్ కూడా నిండుగా రాదు. 2015 జూన్ 16న ఆ ప్రవాహం 4×10⁻⁵కు చేరింది, అంటే ఐదు నిమిషాలకు అరవై ఫోటాన్లు. అరవై ఉంటే ఎగుడుదిగుళ్లు చెప్పవచ్చు, ముప్పాతిక ఫోటాన్‌తో ఏమీ చెప్పలేం. అందుకే ప్రజ్వలనం మొదలవగానే ఫెర్మీ తన మామూలు చుట్టును పక్కనపెట్టి 3సి 279 వైపే గురి నిలిపింది. నిమిషాల్లో జరిగే మార్పులు మిగిలిన రోజుల్లో లేవని కాదు, లెక్కించేటన్ని ఫోటాన్లు ఉండవు.

గడియారంతో కొలిచిన పరిమాణం

ఆ అరవై ఫోటాన్లు చెప్పిన సంగతి ఏమిటంటే, గామా వెలుగు ఐదు నిమిషాల లోపే రెట్టింపవుతోంది. దీన్నిబట్టి వెలిగే ప్రదేశం ఎంతదో చెప్పవచ్చు. తిరునాళ్లలో కిలోమీటరున్నర వీధి పొడవునా వంద టపాకాయలు సరిగ్గా ఒకే క్షణంలో పేలినా, వీధి చివర నిలబడినవాడికి అది ఒక్క చప్పుడుగా వినిపించదు. దూరపు చప్పుళ్లు ఆలస్యంగా చేరి, నాలుగు సెకన్లకు పైగా పటపటలు సాగుతాయి. చప్పుడు అర సెకనులోనే ముగిసిందంటే, టపాకాయలు వీధంతా లేవనీ, ఒక్కచోటే ఉన్నాయనీ కళ్లు మూసుకునే చెప్పవచ్చు. వెలుగు విషయంలోనూ అంతే: వస్తువు తన చివర నుంచి చివరకు కాంతి ప్రయాణించే సమయం కంటే వేగంగా మినుకుమినుకుమనలేదు.

ఐదు నిమిషాల్లో కాంతి 9 కోట్ల కిలోమీటర్లు వెళుతుంది. జెట్ మనవైపు రావడం వల్ల కాలం కుదించుకుపోయిందని ఇంతకుముందే చూశాం. ఆ కుదింపు 20 రెట్లనుకుంటే ప్రదేశం 180 కోట్ల కిలోమీటర్ల దాకా ఉండవచ్చు. విశ్వవ్యాకోచం కాలాన్ని కొంత సాగదీసింది కనుక 1.536తో భాగిస్తే సుమారు 117 కోట్ల కిలోమీటర్లు. ఇది వెలిగే ప్రదేశపు వ్యాసార్ధానికి గరిష్ఠ హద్దు.

3సి 279 కృష్ణబిలం బరువు 50 కోట్ల సూర్యులనుకుంటే (అంచనాలు 30 కోట్ల నుంచి 100 కోట్ల మధ్య ఉంటాయి), దాని వ్యాసార్ధం సుమారు 147 కోట్ల కిలోమీటర్లు. అంటే ఆకాశమంతటినీ మించి వెలిగిన ఆ ప్రదేశం, జెట్‌ను పుట్టించిన కృష్ణబిలం కంటే చిన్నది! 2017 ఏప్రిల్‌లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ ఇదే బ్లేజార్‌ను 20 మైక్రో ఆర్క్‌సెకన్ల స్పష్టతతో చిత్రించి, జెట్ మొదలు మెలితిరిగినట్లు ఉందని చూపింది. ఆ చిత్రంలో విడదీసి చూడగలిగే అతి చిన్న చుక్క కూడా దాదాపు 0.4 కాంతి సంవత్సరాల వెడల్పు ఉంటుంది. మన ప్రదేశం అందులో వెయ్యో వంతు కంటే చిన్నది. చిత్రం ఎక్కడ ఆగిపోయిందో, గడియారం అక్కడి నుంచి ముందుకు తీసుకెళ్లింది.

దగ్గరా, దూరమా: 2015 నాటి చిక్కుముడి

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. జెట్ శంకువులా విచ్చుకుంటుంది కనుక, వెలిగే ప్రదేశం దాని అడ్డుకొలత అంతా ఆక్రమించి ఉంటే, చిన్న ప్రదేశం అంటే జెట్ మొదలుకు దగ్గరగా ఉన్న ప్రదేశమని అర్థం. పై అంకెలతోనే లెక్కిస్తే ఆ దూరం కృష్ణబిలం వ్యాసార్ధానికి ఇరవై రెట్లలోపే వస్తుంది. డిస్క్ చుట్టూ మేఘాలున్న మండలమేమో రెండు లక్షల కోట్ల కిలోమీటర్ల స్థాయిలో, అంటే కాంతి రెండు మూడు నెలలు ప్రయాణించే దూరంలో ఉంది. కనుక ప్రజ్వలనం ఆ మేఘాలకు బాగా లోపల జరిగి ఉండాలి.

అయితే లోపల పుట్టిన అధిక శక్తి గామా కిరణాలు బయటికి రావడం అంత తేలిక కాదు. ఒక గామా ఫోటాన్, ఒక తక్కువ శక్తి ఫోటాన్ ఎదురెదురుగా ఢీకొని, వాటి శక్తుల లబ్ధం ఒక హద్దు దాటితే, రెండూ మాయమై ఎలక్ట్రాన్, పాజిట్రాన్ల జంట పుడుతుంది. మేఘాల నుంచి వచ్చే 10 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ విషయంలో ఆ హద్దు 2,600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. అంతకు మించిన గామా కిరణాలకు ఆ మండలం పొగమంచులాంటిది కాదు, గోడే. (గెలాక్సీల మధ్య శూన్యంలో తిరిగే నక్షత్ర కాంతి కూడా ఇలాగే అడ్డుపడుతుంది. 2006 ఫిబ్రవరి 23న మ్యాజిక్ టెలిస్కోపు 3సి 279ను ఈ శక్తుల్లో చూసినప్పుడు, విశ్వం అనుకున్నదానికంటే పారదర్శకంగా ఉందని తేలింది. అది వేరే కథ.)

2015 జూన్ 15 రాత్రి, ఫెర్మీ చూసిన గరిష్ఠ స్థాయికి కొన్ని గంటల ముందు, హెస్ టెలిస్కోపు 3సి 279 నుంచి దాదాపు 10,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి గామా కిరణాలను పట్టుకుంది. గోడ ఉన్న జాడ వాటిలో కనిపించలేదు. అంటే ఆ కిరణాలు మేఘాల మండలం బయట పుట్టి ఉండాలి. గడియారం ‘దగ్గర’ అంటోంది, వర్ణపటం ‘దూరం’ అంటోంది.

దీనికి మూడు రకాల సమాధానాలు వినిపిస్తున్నాయి. ఒకటి, జెట్ అనుకున్నదానికంటే చాలా వేగంగా ఉందనడం. లోరెంట్జ్ గుణకం 50 దాటితే కాలం ఇంకా కుదించుకుపోతుంది కనుక ప్రదేశం పెద్దదిగానూ, దూరంగానూ ఉండవచ్చు. కానీ రేడియో చిత్రాల్లో 3సి 279 భాగాలు కాంతికి 20 రెట్ల స్థాయి దృశ్యవేగాన్నే చూపాయి, 50 గుణకానికి అక్కడ ఆధారం లేదు. రెండోది, వెలిగే ప్రదేశం జెట్ అడ్డుకొలత అంతా ఆక్రమించనక్కరలేదనడం. జెట్ లోపల అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కునే చోట చిన్న చిన్న జెట్లు పుడతాయనీ, వాటిలో ఏదైనా సరిగ్గా మనవైపు తిరిగితే నిమిషాల మెరుపు కనిపిస్తుందనీ ఈ వాదన. 2018లో 3సి 279 మళ్లీ ప్రజ్వలించినప్పుడు, నెమ్మదిగా లేచిపడే పెద్ద అల మీద నిమిషాల చిన్న శిఖరాలు కనిపించాయి. ఈ నమూనా చెప్పేది అలాంటి ఆకారాన్నే. మూడోది, అసలు ఈ గామా కిరణాలు కాంప్టన్ పరిక్షేపణం వల్ల రాలేదనీ, తీవ్రమైన అయస్కాంత క్షేత్రంలో అత్యంత శక్తివంతమైన కణాలు వదిలిన సింక్రోట్రాన్ కాంతేననీ.

రెండో వాదన వైపు మొగ్గు సహజం, ఎందుకంటే అది రెండు సాక్ష్యాలలో దేన్నీ తోసిపుచ్చదు. కానీ చిన్న జెట్ల సంఖ్య, వేగం, దిక్కు అన్నీ మనం అమర్చుకోగలిగినవే. ఇన్ని మరలు తిప్పుకునే వీలున్న నమూనా సరిపోయిందంటే, ఆ సరిపోవడానికి ఎంత విలువ ఇవ్వాలో ఆచితూచి చెప్పాలి.

కాంతులు కలిసి నడవని రోజులు

ఒకే ప్రదేశంలోని ఒకే ఎలక్ట్రాన్లు రెండు గుట్టలకూ కారణమైతే, దృశ్యకాంతి పెరిగినప్పుడు గామా కూడా పెరగాలి, తగ్గినప్పుడు తగ్గాలి. చాలాసార్లు అలాగే జరుగుతుంది, అన్నిసార్లూ కాదు. 2009 ఫిబ్రవరిలో 3సి 279 గామా వెలుగు తగ్గుతున్న ఇరవై రోజుల్లో, దాని దృశ్యకాంతి ధ్రువణ దిశ నింపాదిగా 180 డిగ్రీలు తిరిగింది. రెండూ ఒకేచోట పుట్టాయనడానికి, ఆ ప్రదేశం వంపు తిరిగిన దారిలో కదిలిందనడానికి అది బలమైన సూచన. కానీ రెండు నెలల తరువాత ఎక్స్ కిరణాలు మాత్రమే అదే తీరున ఎగసిపడ్డాయి, గామా కిరణాలు ఉలకలేదు, పలకలేదు.

2013 డిసెంబరు 20న దీనికి తలకిందులుగా జరిగింది. గామా వెలుగు గంటల వ్యవధిలో పెరిగింది, దృశ్యకాంతి దాదాపు కదలలేదు, రెండు గుట్టల నిష్పత్తి 300 దాటింది. తోడు లేకుండా వచ్చే ఇలాంటి ప్రజ్వలనాలను ‘అనాథ ప్రజ్వలనాలు’ అంటారు. ఒకే ప్రదేశం నమూనాతో వీటిని వివరించాలంటే అయస్కాంత క్షేత్రం బాగా బలహీనంగా ఉందనుకోవాలి. లేదంటే జెట్‌లో ఒకేసారి అనేక ప్రదేశాలు వెలుగుతున్నాయనీ, దృశ్యకాంతి ఒకచోటిది, గామా మరొకచోటిదనీ ఒప్పుకోవాలి. ఈ రెండో మాట ఒప్పుకున్న క్షణం నుంచి, ఒక్క గోళాకార ప్రదేశాన్ని ఊహించి చేసిన పాత లెక్కలన్నీ సగటు విలువలుగా మారిపోతాయి.

ఎలక్ట్రాన్లా, ప్రోటాన్లా?

ఇంతవరకూ ఎలక్ట్రాన్లనే నిందితులుగా చూశాం. జెట్‌లో ప్రోటాన్లూ ఉంటాయి. అవీ అంతే వేగం పుంజుకుంటే, తామే సింక్రోట్రాన్ కాంతిని వదలగలవు, ఫోటాన్లను ఢీకొని పయాన్లనే కణాలను పుట్టించగలవు. పయాన్లు క్షీణించినప్పుడు గామా కిరణాలతో పాటు న్యూట్రినోలు, అంటే దేన్నీ దాదాపు తాకకుండా సాగిపోయే ఆవేశం లేని కణాలు వస్తాయి. ఎలక్ట్రాన్ల నమూనాలో న్యూట్రినోలకు తావు లేదు, అందుకే ఒక్క న్యూట్రినో దొరికినా అది బరువైన సాక్ష్యం.

2017 సెప్టెంబరు 22న దక్షిణ ధ్రువం వద్ద మంచులో పాతిన ఐస్‌క్యూబ్ పరికరం సుమారు 290 టెరా (టెరా అంటే లక్ష కోట్లు) ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రినోను పట్టుకుని, నిమిషం లోపే ప్రపంచానికి కబురు పంపింది. అది వచ్చిన దిక్కులో టిఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజార్ అప్పటికే ప్రజ్వలిస్తున్నట్లు ఫెర్మీ సమాచారంలో తేలింది. యాదృచ్ఛికంగా ఇలా కుదిరే అవకాశం వెయ్యికి ఒకటి రెండు వంతులు. పాత రికార్డులు తిరగేస్తే 2014, 2015 నడుమ కొన్ని నెలల పాటు అదే దిక్కు నుంచి పదమూడు దాకా అదనపు న్యూట్రినోలు వచ్చినట్లు కనిపించింది. చిత్రమేమిటంటే, ఆ నెలల్లో ఆ బ్లేజార్ గామా కాంతిలో ప్రశాంతంగానే ఉంది.

ప్రోటాన్ల పక్షం వారు దీన్ని నిర్ధారణగా చూస్తారు. అవతలి పక్షం చూపేది ఎక్స్ కిరణాలను. గామా వెలుగంతా ప్రోటాన్ల వల్లే వచ్చి ఉంటే, వాటితో పాటు పుట్టే కణాల పరంపర ఎక్స్ కిరణాలను ముంచెత్తి ఉండేది. 2017లో స్విఫ్ట్, నూస్టార్ కొలిచిన ఎక్స్ కిరణాలు అందుకు చాలా తక్కువ. కాబట్టి ఆ బ్లేజార్‌లో కాంతి ఎక్కువగా ఎలక్ట్రాన్లదనీ, ప్రోటాన్ల వాటా చిన్నదనీ నమూనాలు చెబుతున్నాయి. 2021 డిసెంబరులో వెళ్లిన ఐక్స్‌పీ ఉపగ్రహం ఎక్స్ కిరణాల ధ్రువణాన్ని కొలుస్తుంది. 2023 నవంబరులో బీఎల్ ల్యాసర్టీ అనే బ్లేజార్ దృశ్యకాంతి ధ్రువణం 47.5 శాతానికి చేరినప్పుడు, దాని ఎక్స్ కిరణాల ధ్రువణం 7.6 శాతానికి మించలేదని అది తేల్చింది. ప్రోటాన్ల సింక్రోట్రాన్ కాంతి అయితే ధ్రువణం అంత తక్కువగా ఉండే వీలు లేదు, కాంప్టన్ పరిక్షేపణమైతే ఉంటుంది. ఆ ఒక్క బ్లేజార్‌కు, ఆ వారానికి సంబంధించినంత వరకు తీర్పు ఎలక్ట్రాన్ల వైపే వచ్చింది. దాన్ని 3సి 279కు, అందులోనూ నిమిషాల్లో మారే ప్రజ్వలనానికి వర్తింపజేయడం తొందరపాటు అవుతుంది.

మధ్యలో మిగిలిన ఖాళీ

ప్రోటాన్ల పరంపర తన జాడ వదలవలసిన ముఖ్యమైన చోటు నూస్టార్ హద్దు అయిన 79 వేల ఎలక్ట్రాన్ వోల్టులకూ, ఫెర్మీ బాగా చూడడం మొదలయ్యే పది కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకూ మధ్య ఉంది. 3సి 279 లాంటి బ్లేజార్ల రెండో గుట్ట శిఖరం సాధారణంగా అక్కడే, లేదా దానికి కాస్త పైన ఉంటుంది. ఆ పట్టీలో కొంత భాగాన్ని చూసిన ఐరోపా ఉపగ్రహం ఇంటిగ్రల్ 2015 ప్రజ్వలనాన్ని పరిశీలించింది. అది 2025 ఫిబ్రవరిలో పరిశీలనలు ఆపేసింది. అజైల్ 2024 ఫిబ్రవరిలోనే వాతావరణంలోకి జారి కాలిపోయింది. ఫెర్మీ, స్విఫ్ట్ తమకు తొలుత అనుకున్న ఆయుష్షును ఎప్పుడో దాటేశాయి. 2 లక్షల నుంచి 50 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య చూస్తూ, ధ్రువణాన్ని కూడా కొలవగల కోసీ అనే ఉపగ్రహాన్ని నాసా 2027లో పంపాలనుకుంటోంది. అప్పటికి ఫెర్మీ ఇంకా పనిచేస్తూ, 3సి 279 మళ్లీ 2015 స్థాయిలో వెలిగితే, రెండో గుట్ట ఎడమ వాలును, శిఖరాన్ని, కుడి వాలును ఒకే నిమిషంలో కొలవడం మొదటిసారి సాధ్యమవుతుంది.